పందొమ్మిదో గడి పాఠం

పాఠానికి పన్నెండు రోజులు

ఈ ఉదయం సుద్దముక్కల డబ్బాలో ఒక చీమ కనబడింది. మా నీటిపేటలో చీమలు లేవు. తీరం నుంచి వచ్చే సరుకుల పడవలో, బెల్లం బస్తాతోపాటు ఎక్కి ఉంటుంది. తొమ్మిదిమంది పిల్లలూ బల్ల చుట్టూ మూగారు. వాళ్ళలో ఏడుగురు చీమను బొమ్మలో తప్ప చూడలేదు. దీనికి నీళ్ళంటే భయమా, ఒక్కటే వచ్చిందంటే తప్పిపోయిందా, పారిపోయిందా, దీనికోసం ఎవరైనా వెతుకుతారా అని గంటసేపు అడిగారు. ఎనిమిదేళ్ళ నూకరత్నం ఒక్కతే పదకొండు ప్రశ్నలు అడిగింది.

ఈ పిల్లలే ఇంకో పన్నెండు రోజులకి చేతులు కట్టుకుని కూర్చుని, నేను చదివింది విని, "అర్థమైంది టీచర్" అని ఒక్క గొంతుతో అంటారు. తలా ఒక మామిడితాండ్ర ముక్క తీసుకుని ఇంటికి పోతారు. మర్నాడు యంత్రం సముద్రపు అడుక్కి దిగుతుంది.

ఇదంతా కోపం లేకుండా రాయాలనుకున్నాను. కుదరడం లేదు.

మా ఊరు నీళ్ళ మీద తేలుతుంది. కింద అయిదు కిలోమీటర్ల లోతు. అడుగున బురద మీద బంగాళాదుంపల్లాంటి నల్లటి గడ్డలు పరుచుకుని ఉంటాయి. వాటిలోని లోహం కోసమే ఊరు పుట్టింది. ఇక్కడ వాటిని దుంపలంటారు. వాటిని బురదతో సహా పీల్చే యంత్రాన్ని దున్నపోతంటారు. అడుగునంతా గడులుగా గీసి, ఒక్కొక్క గడే దున్నుకుంటూ వస్తున్నారు. పద్దెనిమిది అయ్యాయి. ఇది పందొమ్మిదోది.

గడి తెరవాలంటే ముందు బడిలో పాఠం జరగాలి. మొదటి గడి దున్నిన రోజు దున్నపోతు ఊరి లంగరు తాడును తెంపింది. ఊరు సగం ఒరిగి పదకొండుమంది పోయారు. ముందురోజే ఒక పిల్ల, "మన తాడు అటేపే కదా పోయింది?" అని అడిగిందట. పోయి ఆడుకోమన్నారట. అప్పటి నుంచి బడి గుమ్మం మీద ఒక మాట చెక్కి ఉంది: పిల్లకి చెప్పలేని పని చెయ్యకు. గడి గురించి పిల్లలకు చెప్పాలి. వాళ్ళు అడిగింది ప్రశ్నల పుస్తకంలో టీచర్ రాయాలి. అడిగిన పిల్ల తన నోటితో "అర్థమైంది" అనేదాకా యంత్రం దిగకూడదు.

కట్టుబాటు మంచిదే. దానికి తాండ్ర ముక్క ఎవరు తగిలించారో తెలియదు.

కిందటేడాది దాకా పాఠం చదివింది సిస్టర్ డొమినిక. తీరంలో కాన్వెంటులో నాకు చదువు చెప్పింది ఆవిడే, ఇక్కడికి తీసుకొచ్చిందీ ఆవిడే. ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. పిల్లల ముందు నిలబడి గడి పాఠం చదవడం నాకిదే మొదటిసారి.


పాఠానికి పదకొండు రోజులు

కెమెరా గదికి వెళ్ళాను. అడుగున తిరిగే కెమెరాను పైనుంచి నడిపేది సూరాడ ఎర్రయ్య బాబాయ్. ముందు వల వేసిన మనిషి, తరవాత ఈ పనిలోకి వచ్చాడు. తెర ముందు కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"రా టీచరమ్మా. పందొమ్మిదో గడిలో ఏటుందో సూస్తావా? పొదుగుకోడుంది."

తెర మీద బూడిదరంగు బురద. దుంపలు. ఒక దుంప మీద గాజుపోగులాంటి సన్నటి కాడ లేచి ఉంది. ఆ కాడను చుట్టుకుని ఒక తెల్లటి ఆక్టోపస్. దీపం వెలుతురు దాని ఒంట్లోంచి అవతలికి పోతోంది, నూనె కాగితంలోంచి పోయినట్టు. చేతుల కింద గుడ్లు. ద్రాక్షపళ్ళంత ఉన్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది బాబాయ్?"

"నాను దీన్ని మొదటిసారి సూసినప్పటికి మా చిన్నదానికి పెళ్ళవలేదు. ఇప్పుడు దాని బిడ్డ నడస్తంది. మూడేళ్ళ మీద రెణ్ణెల్లు. మూణ్ణెల్లకోపాలి కెమెరా అటు తిప్పుతాం కదా, పదమూడుసార్లు సూసినాను. జానెడు జరగనేదు."

"తిండి?"

"ఏటి తింటాది? నోటికాడికి రొయ్యపిల్లొచ్చినా అందుకోదు. గుడ్లు వొదిలి సెయ్యి సాపితే సలవ తగిలిపోద్దనేమో." ఇంకో కాయ ఒలిచి అన్నాడు, "మా పేటలో పొదుగుమీదున్న కోడిని దొంగోడు కూడా లేపడమ్మా. పక్కనున్న పుంజునట్టుకుపోతాడు."

"ఆఫీసులో చెప్పావా?"

"సెప్పకేం? ఆ పాఠాల ఆపీసరు పెబాకరంగోరు ఏటన్నాడో తెలుసా? 'ఎర్రయ్యా, నీకు కళ్ళు మసకేసినట్టున్నాయి, పరీక్ష చేయిస్తాను' అన్నాడు. నా కళ్ళు మసకేస్తే దాని గుడ్లు ఇరవయ్యేడని ఎలా లెక్కెట్టినాను?"

తరవాత మూడో గడి చూపించాడు. పదిహేనేళ్ళ కిందట దున్నింది. దున్నపోతు చాళ్ళు నిన్న వేసినట్టున్నాయి. వాటి మధ్య ఒక్క కాడ లేదు. ఏ జీవీ మళ్ళీ రాలేదు. నేను ఆ తెర ముందు చాలాసేపు నిలబడ్డాను. బాబాయ్ ఒలిచిన వేరుశనగలు నా చేతిలో పోశాడు. తినలేకపోయాను.


పాఠానికి తొమ్మిది రోజులు

పాఠం రాశాను. నాలుగుసార్లు తిరగరాశాను. చివరికి ఇలా వచ్చింది:

"పిల్లలూ, బడి కిటికీలోంచి ఒక గులకరాయి వదిలారనుకోండి. మీరు ప్రార్థన చేస్తారు, లెక్కలు చేస్తారు, మంచినీళ్ళు తాగొచ్చి తెలుగు చదువుతారు. అప్పటికి ఆ రాయి అడుక్కి చేరుతుంది. దారిలో ముందు నీలం ఉంటుంది. తరవాత నల్లటి నీలం. తరవాత ఏ రంగూ ఉండదు. సూర్యుడు అక్కడికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

"అక్కడ నీళ్ళ బరువు ఎంతంటే, మీ చిటికెనవేలి గోరు మీద మీ నాన్నలాంటివాళ్ళు ఏడుగురు నిలబడినంత. కానీ అక్కడ పుట్టినవాళ్ళకి అది బరువని తెలియదు. మనకి గాలి బరువు తెలుస్తోందా?

"అక్కడ ఎప్పుడూ సన్నటి పొడి రాలుతూ ఉంటుంది. పైన చచ్చిపోయిన చేపలూ నాచూ పురుగులూ నలిగి పొడై, వారాల తరబడి కిందికి దిగుతాయి. అదే అక్కడివాళ్ళ అన్నం. వాళ్ళు తక్కువ తింటారు, నెమ్మదిగా నడుస్తారు, నెమ్మదిగా పెరుగుతారు. దుంప అందరికన్నా నెమ్మది. మీ గోరు ఒక్క నెలలో పెరిగినంత పెరగడానికి దానికి పది లక్షల ఏళ్ళు కావాలి.

"అడుగంతా మెత్తటి బురద కాబట్టి, నిలబడాలంటే గట్టిది ఏదైనా ఉండాలి. దుంప గట్టిది. దాన్ని పట్టుకుని స్పంజి అనే జీవి కాడలా లేస్తుంది. స్పంజి చచ్చిపోయినా కాడ నిలిచే ఉంటుంది. పందొమ్మిదో గడిలో అలాంటి ఒక కాడ మీద ఒక తల్లి ఆక్టోపస్ ఇరవయ్యేడు గుడ్లు పెట్టి, వాటి మీద మూడేళ్ళుగా కూర్చుని ఉంది. ఏమీ తినలేదు. గుడ్లు పగిలేదాకా లేవదు. దున్నపోతు దుంపను తీసుకుంటే కాడ పడిపోతుంది. అప్పుడు ఏమవుతుందో మీరే చెప్పండి."

సాయంత్రం కాగితాలు ఆఫీసులో ఇచ్చాను. గుమస్తా అవి తీసుకుని వాటి మీద టీ గ్లాసు పెట్టాడు.


పాఠానికి ఏడు రోజులు

పాఠాల అధికారి ప్రభాకరం గారు పిలిపించారు. ఊరికి వచ్చి ఆరు నెలలైంది. మెత్తగా మాట్లాడతారు. ఎదుటివాళ్ళని కూర్చోమంటారు, కుర్చీ మాత్రం చూపించరు.

"అమ్మా జెసింతా, చాలా బాగా రాశావు. చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. అందుకే కొట్టేశాను."

నా కాగితం మీద మొదటి మూడు పేరాలు ఉన్నాయి. నాలుగోదాని మీద అడ్డంగా ఎర్రగీత. దాని కింద ఆయన దస్తూరీలో ఇలా ఉంది: "అక్కడ చీకటి. చలి. అక్కడ ఏమీ ఉండదు."

"ఆక్టోపస్ ఉంది సార్," అన్నాను. ఆ మూడు మాటలకే చెవులు వేడెక్కాయి.

"ఉంటుందమ్మా. సముద్రం కదా, ఏదో ఒకటి ఉంటుంది. నీ గదిలో బొద్దింక లేదూ? అంతమాత్రాన గది కడుక్కోవడం మానేస్తావా? పైగా 'మీరే చెప్పండి' ఏమిటి? పిల్లలు చెప్పేస్తారు."

గుమస్తా నవ్వాడు. నేను నేల వైపు చూశాను.

"నేను పెట్టిన వాక్యం కూడా నాది కాదు. పద్దెనిమిదో గడి పాఠంలోదే. సిస్టర్ గారు చదివారు, పిల్లలు విన్నారు, ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఆవిడకన్నా నీకెక్కువ తెలుసా?"

"సరే సార్" అన్నాను. తలుపు దాకా వచ్చి, వెనక్కి తిరిగి, "థాంక్యూ సార్" అని కూడా అన్నాను.

కాన్వెంటులో అలా నేర్పారు. పెద్దవాళ్ళు వస్తే లేవాలి. అడిగితేనే మాట్లాడాలి. మాట అయ్యాక థాంక్యూ చెప్పాలి. నాకు ఇరవైనాలుగేళ్ళు. గదికి వచ్చి తలుపు వేసుకుని, చెప్పాల్సిందంతా గోడకి చెప్పాను. గోడ దగ్గర నా గొంతు చాలా బాగుంటుంది.


పాఠానికి అయిదు రోజులు

ఈ రోజు ఉప్పు తుడిచే వంతు నాది. ఎండ పలకల మీద రాత్రికి రాత్రి ఉప్పు పేరుకుంటుంది. తుడవకపోతే మధ్యాహ్నానికి కరెంటు పడిపోతుంది. తుడిచి, మంచినీళ్ళ వరుసలో నిలబడ్డాను. నా ముందు నూకరత్నం వాళ్ళమ్మ, అప్పలనరసమ్మ.

"టీచరమ్మా, మా నూకిని ఆ రోజు బడికి పంపీమంటారా, మానిపించీమంటారా?"

"తొమ్మిదిమందీ ఉండాలమ్మా. కట్టుబాటు."

"అయితే నోరు మూసుకుని కూకోమని మీరే సెప్పండి. నా మాటినదు. పెతీదీ అడుగుతాది. మొన్న 'అమ్మా, నువ్వు నాన్నని ఎందుకు చేసుకున్నావు?' అన్నాది. ఏటి సెప్పమంటారు? నానూ అదే ఆలోచిస్తన్నాను."

వరుసలో వాళ్ళందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. బిందె కింద పెట్టి నా దగ్గరగా వచ్చింది.

"గడి తెరిస్తేనే గదా సెలవులు. తీరానికెల్లే మొదటి పడవలో నలభైమంది పేర్లు రాసినారు. మావీ ఉన్నాయి. ఏడు నెలల నుంచి ఎవుల్నీ ఒగ్గనేదు. మా రెండోదాన్ని పాలు మానిపించీసి అమ్మ దగ్గర ఒగ్గీసొచ్చినాను టీచరమ్మా. దానికి ఇప్పుడు రెండేళ్ళు. నా మొకం గురుతుందో నేదో."

ఆవిడకి ఏం చెప్పాలి? అడుగున ఇంకో తల్లి ఉందని చెప్పాలా? సెలవుకీ గడికీ ముడి పెట్టింది సముద్రం కాదు. ప్రభాకరం గారి ఆఫీసు గోడ మీద సెలవుల జాబితా వేలాడుతోంది. కింద ఆయన సంతకం ఉంది. ఈ రోజు పడవ పంపాలంటే ఈ రోజే పంపొచ్చు. అది ఆవిడకి చెప్పాను, గొణుగుతూ. ఆవిడకి వినపడలేదో, విననట్టు ఊరుకుందో. నా వంతు వచ్చింది. బిందె మూత ఎంత గట్టిగా వేశానంటే అది పగిలిపోయింది.


పాఠానికి మూడు రోజులు

నోటితో చెప్పలేను కాబట్టి ఉత్తరం రాశాను. రెండు పేజీలు. పదమూడు చూపుల తేదీలూ, గుడ్ల లెక్కా, మూడో గడి సంగతీ. ఆ ఒక్క చోటు చుట్టూ వంద మీటర్లు వదిలేయమని అడిగాను. గడి నాలుగు కిలోమీటర్ల పొడవు. వంద మీటర్లు.

ప్రభాకరం గారు నా ముందే చదివారు. నిదానంగా, తప్పులు దిద్దుతున్నట్టు.

"ఇది నువ్వు చూశావా?"

"చూశాను సార్."

"అడుక్కి వెళ్ళి చూశావా? తెర మీద బొమ్మ చూశావు. ఎర్రయ్య చూపించాడు, నువ్వు చూశావు. రేపు సినిమా చూసి సాక్ష్యం చెప్తావా?" ఉత్తరం మడిచి సొరుగులో పెట్టారు. "నీకు పిల్లలంటే ప్రేమ. మంచిదే. కానీ పాఠం మార్చి చదివావనుకో, ఆ సెలవుల పడవలో ముందు ఎక్కేది నువ్వు. తిరుగు టికెట్ ఉండదు."

బయటికి వస్తుంటే ఎర్రయ్య బాబాయ్ సరుకుల గోదాములో ఉల్లిపాయలు ఏరుతూ కనబడ్డాడు. కెమెరా మరమ్మత్తని గదికి తాళం వేశారట. రికార్డులు ఆఫీసుకి పట్టుకెళ్ళారట.

"ఉల్లిపాయలు బాగు," అన్నాడు. "ఏడిస్తే ఎవుడూ అడగడు."

అప్పుడు నాకు వచ్చిన కోపం లాంటిది ఇంతకుముందెప్పుడూ రాలేదు. ఆఫీసు మెట్లు మళ్ళీ ఎక్కాను. తలుపు దాకా వెళ్ళాను. లోపల ఎవరితోనో నవ్వుతున్నారు. తలుపు కొట్టడానికి చెయ్యెత్తి, దించేసి, వచ్చేశాను.


పాఠం రోజు

తొమ్మిది గంటలకి గంట కొట్టారు. తొమ్మిదిమంది పిల్లలు, నూనె రాసిన తలలు. కిటికీల దగ్గర తల్లులు. గోడవారగా ప్రభాకరం గారు. బల్ల మీద తాండ్ర పళ్ళెం, దాని మీద ఎవరో కొత్త గుడ్డ కప్పారు.

నేను పాఠం చదివాను. మార్చలేదు. గులకరాయి, గోరు మీద ఏడుగురు నాన్నలు, రాలే పొడి. ఏడుగురు నాన్నల దగ్గర పిల్లలు నవ్వారు. తరవాత చదివాను: "అక్కడ చీకటి. చలి. అక్కడ ఏమీ ఉండదు." నా గొంతు నాకే కాపీ పుస్తకంలా వినిపించింది.

ఎనిమిది గొంతులు "అర్థమైంది టీచర్" అన్నాయి.

ఒకటి అనలేదు. కిటికీలోంచి అప్పలనరసమ్మ "నూకీ" అంది, పళ్ళు బిగించి.

నూకరత్నం లేచింది. "టీచర్, ఏమీ నేదని ఎవులు చూసినారు?"

ప్రభాకరం గారు ముందుకొచ్చారు. "భలే పాపా! కెమెరా చూసిందమ్మా."

"అయితే కెమెరాలో ఏటుందో చూపిస్తారా?"

"కెమెరా మరమ్మత్తులో ఉంది."

"మరమ్మత్తయ్యాక చూస్తాం. ఆగుతాం." తలుపు వైపు చూసి, "సెలవుకి మా నాన్న కూడా ఆగుతాడు" అంది. మా నాన్న అన్నప్పుడు మాత్రం గొంతు కొంచెం తగ్గింది.

ప్రభాకరం గారు నా వైపు తిరిగారు. "ఇది రాయక్కర్లేదమ్మా. ఇది ప్రశ్న కాదు, ఉత్త సందేహం. గంట కొట్టించు."

ప్రశ్నల పుస్తకం నా ముందు తెరిచి ఉంది. అందులో కిందటి నాలుగు గడుల పేజీలూ ఖాళీ. పెన్ను తీశాను. పందొమ్మిదో గడి అని రాసి, దాని కింద, "ఏమీ లేదని చూసింది ఎవరు? అడిగినది: నూకరత్నం, ఎనిమిదేళ్ళు" అని రాశాను. కాన్వెంటు దస్తూరీ నాది, గీత తప్పదు. ఇవాళ తప్పింది.

"జెసింతా," అన్నారాయన. మెత్తదనం పోయింది. "ఆ పేజీ ఇలా ఇవ్వు."

పుస్తకం మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టి కూర్చున్నాను. ఆయన నా చేతులు తొలగించలేదు. కిటికీల దగ్గర ముప్ఫైమంది ఆడవాళ్ళు ఉన్నారు. రాసింది కొట్టేస్తే కట్టుబాటు పోతుంది, అది ఆయనకీ తెలుసు. మూడు రోజుల్లో జవాబు వస్తుందని చెప్పి వెళ్ళిపోయారు. వెళ్తూ తాండ్ర పళ్ళెం పట్టుకెళ్ళారు.

"నీ వల్ల తాండ్ర పోయిందే," అన్నాడు వెనక బల్ల మీది పైడిరాజు.

"పోతే పోయింది. అది పళ్ళకంటుకుంటాది," అంది నూకరత్నం. తరవాత బల్ల కింద దూరి ఏడ్చింది. వాళ్ళమ్మ లోపలికి రాలేదు.


పాఠం తరవాత రెండో రోజు

నీళ్ళ వరుసలో నన్ను చివరికి పంపారు. ఎవరూ పొమ్మనలేదు, నా ముందు చోటు ఇవ్వలేదంతే. ఉప్పు తుడిచే వంతు నిన్నా నాదే, ఇవాళా నాదే. బడి గోడమీద ఎవరో బొగ్గుతో రాశారు: ఆక్టోపస్ టీచర్. కొట్టేసిన పేరా సంగతి గుమస్తా చెప్పి ఉంటాడు. పక్కన గీసిన బొమ్మకి పది చేతులు వేశారు. ఎనిమిదని దిద్దాలనిపించి, ఊరుకున్నాను.

నూకరత్నం బడికి వచ్చింది. చెంప మీద వేళ్ళ గుర్తులు ఉన్నాయి. ఎవరు కొట్టారని అడగలేదు. పిల్ల కూడా చెప్పలేదు. ప్రశ్నలేవీ అడగలేదు. మధ్యాహ్నం దాకా ఒక్కటి కూడా అడగలేదు. ఆ పిల్ల అలా కూర్చోవడం చూసి, ప్రభాకరం గారి మీదా, తల్లి మీదా, ఊరి మీదా, ప్రశ్న పిల్ల నోటి నుంచే రావాలని చూస్తూ కూర్చున్న నా మీదా ఒక్కసారే కోపం వచ్చింది. ఆ మాట అడగాల్సింది పెద్దదాన్ని నేను. ఎనిమిదేళ్ళ పిల్ల దెబ్బ తింది.

ఎర్రయ్య బాబాయ్ దానికి ఒక ఉల్లిపాయ ఇచ్చి, "ఇదిగోనే లాయరమ్మా, నీ ఫీజు" అన్నాడు. అది కొంచెం నవ్వింది.


పాఠం తరవాత మూడో రోజు

జవాబు వచ్చింది. మళ్ళీ గంట, మళ్ళీ కిటికీలు, మళ్ళీ తాండ్ర పళ్ళెం. దున్నపోతును గిలకల మీదికి ఎక్కించి ఉంచారు. బడి కిటికీలోంచి దాని పళ్ళు కనబడుతున్నాయి.

ప్రభాకరం గారు కాగితం చదివారు. పద్దెనిమిదో గడీ పందొమ్మిదో గడీ పక్కపక్కనే ఉన్నవి. పద్దెనిమిదో గడి పాఠంలో "అక్కడ ఏమీ ఉండదు" అని స్పష్టంగా ఉన్నది. ఆ పాఠం చెప్పినది సిస్టర్ డొమినిక గారు. నలభై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పిన మనిషి, అబద్ధం ఎరగని మనిషి. కనుక ఏమీ లేదన్నది తేలిన విషయం.

"అర్థమైందా తల్లీ?" అన్నారు.

నూకరత్నం లేచి నిలబడింది. అప్పలనరసమ్మ ఈసారి లోపలికి వచ్చి పిల్ల వెనక నిలబడింది. భుజం మీద చెయ్యి వేసింది. నొక్కలేదు.

"సిస్టరమ్మ చూసినారా?"

"చూడకుండా రాస్తారా? సిస్టరమ్మ అబద్ధం రాసిందంటావా?"

గది అంతా కదిలింది. ఈ ఊళ్ళో సగంమందికి అక్షరాలు దిద్దించింది సిస్టర్. ఆవిడ పోయినప్పుడు రెండు రోజులు యంత్రాలు ఆపారు. నూకరత్నం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దానికి మొదటి పలక ఇచ్చింది ఆవిడే.

"అబద్ధమనట్లేదు," అంది. "చూసినారా అంటన్నాను. సిస్టరమ్మ నేదు కదా. మరెవుల్ని అడగాలి?"

"ఎవర్నీ అడగలేం. అందుకే నమ్మాలి."

పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది. ఆవిడ బయట గిలకల వైపు చూస్తోంది. తరవాత పిల్ల నా వైపు చూసింది. నేను బల్ల వైపు చూశాను.

"రేపు చెప్తాను," అంది నూకరత్నం.

అడిగిన పిల్లకి ఒక రోజు గడువు ఉంటుంది. అదీ కట్టుబాటే. ప్రభాకరం గారు నవ్వి, రేపు తొమ్మిదింటికి అన్నారు. వెళ్తూ నాతో, చాలా మర్యాదగా, "మీ గురువుగారి మాట నిలబెట్టమ్మా" అన్నారు.

సాయంత్రం అప్పలనరసమ్మ నా గది గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "ఆ కింద నిజంగా ఏదో ఉందా టీచరమ్మా?" అంది. ఉందని చెప్పాను. గుడ్లు ఎన్ని, ఎన్నాళ్ళుగా, ఏం తినలేదు, అన్నీ చెప్పాను. ఆవిడ విని, "మూడేళ్ళా" అంది. తరవాత "నా బిడ్డను చూడాల," అంది. "అది మాత్తరం మార్చుకోలేను." వెళ్ళిపోయింది. ఆవిడని తప్పు పట్టను. ఆవిడని ఆ గుమ్మం దాకా తెచ్చినవాళ్ళని వదలను.

రేపు ఆ పిల్ల "ఎవుల్ని అడగాలి" అని మళ్ళీ అడుగుతుంది. ఈసారి ఉత్తరం రాయను. లేచి నిలబడి, అందరి ముందూ, నా నోటితో చెప్తాను. తరవాత నన్ను పడవ ఎక్కిస్తారు. ఎక్కించనీ. పెట్టె సర్దుకున్నాను, పుస్తకాలు తప్ప ఏమీ లేవు.

పద్దెనిమిదో గడి పాఠం సిస్టర్ రాయలేదు. అప్పటికి ఆవిడకి కళ్ళు కనబడడం మానేసి ఏడాదైంది, ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేను రాసి వినిపిస్తే కంఠతా పట్టి చెప్పారు. "అక్కడ ఏమీ ఉండదు" అన్న మాట నాది. నేనేమీ చూడలేదు.